రుక్కా మీద ఖలాసీ

ఇంద్రజ షాపులోకి వచ్చినవాళ్ళు ఎవరూ వచ్చినట్టుగా బయటికి పోలేదు. కంపౌండరుగా గడప తొక్కినవాడు డాక్టరై పోయాడు. టైపు కొట్టుకునే గుమాస్తా ఆఫీసు సూపరింటెండెంటయ్యాడు. కోళ్ళు అమ్మే ఆయనైతే ఏకంగా పౌల్ట్రీ పారిశ్రామికవేత్త అయి కూర్చున్నాడు. శాలిబండలో పెళ్ళిపత్రికలు అచ్చువేసే షాపు అది. ముస్లింల పెళ్ళిపత్రికను ఇక్కడ రుక్కా అంటారు. రుక్కా మీద ఇంటి పెద్దల పేర్లు పడాలి, పేరు పక్కన హోదా పడాలి, ఆ హోదా బంగారు రేకులో తళతళలాడాలి. ఇంద్రజ తండ్రి వైకుంఠం షాపు పెట్టిన నాటి నుంచీ అదొక పద్ధతి: వచ్చిన మనిషిని ఒక్క మెట్టయినా ఎక్కించి పంపాలి. ఇంట్లో పెళ్ళంటే ఆ మాత్రం ముచ్చట ఉండొద్దా మరి.

అందుకే ఒవైస్ తన కూతురు జైనబ్ పెళ్ళికి రుక్కా రాయించడానికి వచ్చి, తన తండ్రి పేరు దగ్గర ఆగి నసుగుతుంటే, ఇంద్రజ ఎక్కువ ఆలోచించలేదు.

“అబ్బాది ఏం రాయాల్నో సమజైతలేదు చెల్లె,” అన్నాడు ఒవైస్. ఆయన ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

“చాచా ఏం పని చేసిండు భాయ్?”

“పోర్టుల పని. ఖలాసీ.” ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది.

ఖలాసీ చాచా అంటే గల్లీలో తెలియనివాళ్ళు లేరు. డెబ్బై ఆరేళ్ళ షఫీఉద్దీన్‌ను అసలు పేరుతో పిలిచేవాళ్ళే తక్కువ. అయినా ఖలాసీ అంటే ఏమిటో ఇంద్రజ ఎన్నడూ అడగలేదు. ఆమెకు తెలిసిన ఖలాసీ కరెంటాఫీసులో లైన్‌మన్ వెనకాల పనిముట్ల సంచి మోసేవాడు. చిన్నప్పుడు లెక్కల్లో మార్కులు తగ్గితే వైకుంఠం “గిట్లనే ఉండు, ఖలాసీవి అయితవు” అని కసిరేవాడు. నలభై రెండేళ్ళు వచ్చినా ఆ తిట్టు ఆమె చెవుల్లో అట్లాగే ఉంది.

“రిటైర్డ్ పోర్ట్ సూపర్‌వైజర్ అని వేద్దాం భాయ్,” అంది.

ఒవైస్ మొహం వెలిగింది. కొడుకు వెంట వచ్చి మూలన స్టూలు మీద కూర్చున్న షఫీఉద్దీన్ అంతా విన్నాడు. ఎడమచేతి ఉంగరపు వేలు సగానికి లేదాయనకు. ఆ మొండివేలును రాసుకుంటూ, “మీ ఇష్టం,” అన్నాడు. మిగతా ఇద్దరూ దాన్ని ఒప్పుకోవడం కిందే జమకట్టారు.

రుక్కాలు ఐదువందలు. రంగులు పడ్డాయి, మడతలు పడ్డాయి. పేర్ల మీద బంగారు రేకు అద్దడానికి ఇత్తడి బ్లాకు కూడా తయారై వచ్చింది. సరిగ్గా అప్పుడే వాన పట్టుకుంది. మూడు రోజులు విడవకుండా కురిసి నాలుగో రోజు తెరిపిచ్చేసరికి షాపున్న పాత ఇంటి గోడ పైనుంచి కిందిదాకా నెర్రె ఇచ్చింది. అధికారులు వచ్చి చూసి, తలుపుకు కాగితం అంటించిపోయారు. సోమవారంలోగా ఖాళీ చెయ్యాలి, మంగళవారం ఇల్లు కూల్చేస్తారు.

కాగితాలు, ఇంకులు, బల్లలు, అన్నీ తారిక్ ఒక్కరోజులో హుస్సేనీ ఆలంలో దొరికిన కొత్త గదికి చేరవేశాడు. ముప్పై ఏళ్ళుగా షాపులో మెషీన్ నడిపేది తారిక్కే. కానీ ఆ మెషీన్‌ను ఎవడు చేరవేస్తాడు? మొదటి అంతస్తులో కూర్చుంది అది. పన్నెండు వందల కిలోల జర్మనీ ఇనుము. నలభై ఏళ్ళ కింద వెనక పెరట్లోంచి క్రేనుతో పైకి ఎక్కించాడు వైకుంఠం. ఇప్పుడు ఆ పెరట్లో మూడంతస్తుల ఇల్లు లేచింది. ముందు వైపు గల్లీ ఏడడుగులు, ఆటో కూడా దూరదు. విప్పి ముక్కలుగా దించుదామంటే, మళ్ళీ బిగించే మిస్త్రీ ఈ ఊళ్ళో లేడు. మెషీన్ పోతే షాపు పోయినట్టే. చుట్టుపక్కల ఇరవై షాపులుండగా జనం మెట్లెక్కి ఇంద్రజ దగ్గరికి వచ్చేది ఆ మెషీన్ అద్దే బంగారు అక్షరాల కోసమే. కొత్తది కొనే తాహతు ఆమెకు లేదు.

క్రేను వాళ్ళు గల్లీ మొదట్లోనే నిలబడి చూసి వెనక్కి తిరిగారు. తర్వాత పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. మెషీన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, “గ్యాస్ కట్టర్‌తోని నాలుగు ముక్కలు చేస్తే ఆదివారం పొద్దుగాల ఎత్తుకపోత,” అన్నాడు. ఇంద్రజ మెషీన్‌కూ అతనికీ మధ్య వచ్చి నిలబడింది. తండ్రి ఆ మెషీన్‌కు రోజూ పొద్దున్నే తనే నూనె వేసేవాడు, పండగకు పసుపు కుంకుమ పెట్టేవాడు. దాన్ని ముక్కలు చెయ్యమని తన నోటితో ఎట్లా చెప్తుంది?

“ఖలాసీ చాచాను అడుగుదాం,” అన్నాడు తారిక్.

“ఇది సంచి మోసుడు కాదు తారిక్ భాయ్.”

తారిక్ ఆమె వైపు వింతగా చూశాడు. మెట్లు దిగిపోయి, పావుగంటలో షఫీఉద్దీన్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

ముసలాయన ముందు మెషీన్ వైపు చూడనే లేదు. నేల మీద మడమతో తట్టాడు, గోడకు చెవి ఆనించాడు. కిటికీలోంచి వంగి గల్లీ అటు ఇటు చూశాడు. ఎదురుగా పాత దేవిడీ భవంతి గేటుకు రెండు పక్కలా నడుమెత్తు రాతి కంబాలున్నాయి. వాటిని చూసి తల ఊపాడు. అప్పుడొచ్చి మెషీన్ మీద చెయ్యి వేశాడు.

“ఈ ఇంటి మీద ఇగ బరువు ఆనియ్యొద్దు బేటీ. ఇది నిలబడ్డదే మస్తు. గల్లీల నాలుగు దుంగలు నిలబెడ్త, మీద కప్పీ కడ్త. కిటికీ పగలగొట్టి మెషీన్‌ను బయటికి తెచ్చి ఆడికెల్లి కిందికి దించుత. ఆదివారం ఫజర్ నమాజ్ కాంగనే మొదలుపెడ్దాం.”

“పడిపోతే చాచా?”

“పడనియ్యను.” ఏదో చాయ్ చెప్తానన్నంత మామూలుగా అన్నాడు. తర్వాత ఆమె మొహం చూసి నవ్వాడు. “అయినా చెప్పు, నీకు రిటైర్డ్ సూపర్‌వైజర్ కావాల్నా, ఖలాసీ కావాల్నా. సూపర్‌వైజర్ గొడుగు పట్టుకోని నిలబడ్తడు. మెషీన్ దించుడు ఆయనతోని కాదు.”

ఇంద్రజకు తల కొట్టేసినట్టయ్యింది. తారిక్ చప్పున గోడ వైపు తిరిగాడు. నవ్వు దాచుకోవడానికే అయ్యుంటుంది.

“ఖలాసీ అంటే నాకు తెలువది చాచా,” అంది, దాచుకోకుండా. “హెల్పర్ అనుకున్న.”

“తప్పు నీది కాదు. ఆ మాట ఎక్కడికెల్లి వచ్చిందో మనోళ్ళే మర్చిపోయిన్రు.” ఆయన మెషీన్ పక్కనే గోనెసంచి మీద కూర్చున్నాడు. “పందొమ్మిదేండ్లకు నేను ఇల్లిడిచి కాకినాడ పోర్టుకు పోయిన. ఆడ మలబార్ దిక్కు నుంచి వచ్చిన ఉస్తాద్ ఒకాయన ఉండె. ఇంత సన్నగ ఉంటడు, ఓడ ఇంజను అంతటిదాన్ని తాడుతోని దించుతడు. ఆయన చెప్పేటోడు: అరబ్బుల ఓడలు మన ఒడ్డుకు వచ్చే కాలం నుంచి ఉన్నదిరా ఈ మాట. తెరచాప ఎత్తేటోడు ఖలాసీ, లంగరు దించేటోడు ఖలాసీ. కట్టిన ఓడను ఇసుక మీదికెల్లి నీళ్ళల్లకు తీసుకపోయేటోడు ఖలాసీ. అరబ్బీల ఖలాస్ అంటే విడుదల అట. మన గల్లీల ఖలాస్ అంటే అయిపోయింది అంటం గదా, అది తర్వాతి ముచ్చట. అసలు అర్థం విడిపించుడు. ఓడను ఒడ్డు నుంచి విడిపించేటోడు గనుక ఆ పేరొచ్చిందని మా ఉస్తాద్ అనేది. ఇంకొకరు ఇంకో తీరు చెప్తరేమో, నేను చదువుకున్నోన్ని కాదు.”

“మరి కరెంటాఫీసుల ఖలాసీ ఎట్లయ్యిండు?”

“తాళ్ళు, కట్టెలు ఎరుకైనోడు గదా. ఫౌజుల డేరాలు కట్టనీకి ఆయన్నే పిలిచిన్రు, భూమి కొలవనీకి గొలుసు పట్టమన్నరు. తర్వాత రైల్వేల పెట్టుకున్నరు, ఆఫీసులల్ల పెట్టుకున్నరు. సముద్రం మీద ఉన్నన్ని దినాలు ఆ మాటకు ఇజ్జత్ ఉండె. ఒడ్డు ఎక్కినంక సంచి మోసుడు మిగిలింది.” ఆయన లేచాడు. “ఇంకొకటి చెప్తుండె ఉస్తాద్. ఎత్తుడు ఎవనికన్న వస్తదిరా షఫీ, బలం ఉంటే చాలు. వదులుడు నేర్చుకో అనేది. ఆ నేర్చుకునుట్లనే ఈ వేలు పోయింది.”

ఆ సాయంత్రం ఇంద్రజ హుస్సేనీ ఆలం గదిలో డబ్బాలు తెరిచి, తండ్రి వాడిన పాత నిఘంటువు వెతికి తీసింది. ఉర్దూ అక్షరాలు ఆమెకు తండ్రే నేర్పాడు, షాపు నడపాలంటే తప్పదని. ఖలాసీ దగ్గర వేలు ఆపింది. ఓడ పనివాడు, నావికుడు, డేరాలు వేసేవాడు. మూలం అరబ్బీ. నాలుగే ముక్కలు. ముప్పై ఏళ్ళుగా ఆ పుస్తకం అరలోనే ఉంది, ఏ రుక్కాకు ఏ పెద్ద మాట వెయ్యాలో అందులోనే వెతికేది ఆమె. ఈ మాట కోసం ఒక్కసారి తెరిచిన పాపాన పోలేదు. డబ్బాలో అన్నిటికంటే పైన జైనబ్ పెళ్ళి బ్లాకు ఉంది. దాని మీద సూపర్‌వైజర్ అన్న అక్షరాలు చూస్తే ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

ఆదివారం తెల్లవారేసరికి గల్లీలో నాలుగు టేకు దుంగలు లేచాయి. షఫీఉద్దీన్ తన పాత జమాత్‌ను, అంటే ఖలాసీల జట్టును, రప్పించాడు. ముగ్గురూ ముసలివాళ్ళే, ఒకాయనకు చెవులు కూడా సరిగా వినిపించవు. దుంగల కొసలను తాడుతో చుట్టి, పైన మూడు చక్రాల కప్పీ కట్టారు. కింద మెషీన్‌కు తగిలించడానికి ఇంకొకటి. ఆ రెండింటి మధ్య తిరిగి వచ్చిన లావుపాటి మోకును దేవిడీ రాతి కంబానికి ఐదు చుట్లు చుట్టి, దాని కొసను షఫీఉద్దీన్ చేతిలోకి తీసుకున్నాడు. చెవులు వినపడని ఆయన దేనికని ఇంద్రజ మనసులో అనుకుంది. తర్వాత చూస్తే ఆ నలుగురిలో ఎవరూ మాటలతో మాట్లాడుకోవడం లేదు. వేలెత్తితే ఒక అర్థం, పిడికిలి మూస్తే ఇంకో అర్థం.

కిటికీ గోడ పగిలింది. మెషీన్ ఇనుప గొట్టాల మీద దొర్లుకుంటూ అంచుకొచ్చింది. దాన్ని వెనకనుంచి పట్టి ఉంచిన ఇంకో తాడును ఒక ముసలాయన బెత్తెడు బెత్తెడు వదిలాడు. పన్నెండు వందల కిలోలు గాలిలోకి వచ్చాయి, కనీసం ఊగలేదు. గల్లీ గల్లీ అంతా నోరు తెరుచుకుని చూస్తోంది. మేడల మీద ఆడవాళ్ళు, మెట్ల మీద పిల్లలు. జైనబ్ కూడా వచ్చి ఇంద్రజ చెయ్యి పట్టుకుంది. ఒవైస్ మాత్రం గల్లీ మలుపులో, ఎవరి తాలూకూ కానట్టు నిలబడ్డాడు. చొక్కా ఈరోజూ ఇస్త్రీదే.

మెషీన్ సగం దిగింది. అప్పుడు ఇంటి పైనుంచి సున్నం పెళ్ళ ఒకటి ఊడి దబ్బున పడింది. దెబ్బ ఎవరికీ తగల్లేదు. కానీ పాతబస్తీ జనానికి ఒక గుణం ఉంది. ఎవరి బండి గుంతలో దిగినా పిలవకుండానే పది చేతులు పడతాయి. ఇల్లు కూలుతోందనుకుని, ముసలాయన ఒక్కడే తాడు పట్టుకున్నాడని జాలిపడి, పదిమంది ఒక్కసారిగా వచ్చి ఆ మోకు పట్టుకుని గుంజారు.

అంతే, కంబం మీద ఒక చుట్టు ఎగిరి ఇంకో చుట్టు మీద ఎక్కి కూర్చుంది. మోకు బిగుసుకుపోయింది. మెషీన్ ఒక పక్కకు ఒరిగి ఆగింది. ఇప్పుడు ఎక్కదు, దిగదు. దుంగల్లో ఒకటి సన్నగా మూలిగింది. ఇంద్రజ జైనబ్‌ను వెనక్కి లాగింది.

షఫీఉద్దీన్ కోప్పడలేదు. “వదలండి. అందరూ వదలండి,” అన్నాడు, నిద్రపోయే పిల్లాడి పక్కన మాట్లాడినట్టు. పది చేతులూ సిగ్గుపడి తప్పుకున్నాయి. ఆయన భుజం మీది సన్నతాడు తీసి, బిగుసుకున్న మోకుకు కంబం ముందు భాగంలో మూడు మెలికలు వేసి కట్టాడు. దాని కొసను గేటుకు రెండో పక్కనున్న కంబానికి చుట్టాడు. బరువు కాసేపు ఈ తాడు మీదికి రావాలి, అప్పుడు ఆ చిక్కు విప్పొచ్చు. కానీ ఈ కొసను ఒకరు పట్టుకోవాలి. జమాత్‌లో ముగ్గురి చేతులూ ఖాళీ లేవు.

ఆయన గల్లీ మలుపు వైపు చూశాడు. “ఒవైస్. ఇటు రా.”

ఒవైస్ వచ్చాడు. “నాతోని ఏడైతది అబ్బా. నాకు చాతకాదు.”

“బలం అక్కర్లేదు. గుంజకు. నేను తల ఊపినప్పుడు బెత్తెడు వదులు. మళ్ళ ఆపు.”

పెన్నులున్న జేబును ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తాడు అందుకున్నాడు ఒవైస్. తర్వాత రెండు చేతులూ వేశాడు. బరువు ఆ తాడు మీదికి వచ్చింది, రాయి కిర్రుమంది. ఒవైస్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి తన చేతుల వైపు, గాలిలో మెషీన్ వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన చేతికి తగులుతున్నది కూరగాయల సంచీ అంత బరువు. మిగతాదంతా రాతి కంబం, ఆ చుట్లు మోస్తున్నాయి. మనిషి చెయ్యాల్సిందల్లా భయపడకుండా కొంచెం కొంచెంగా వదలడం.

తండ్రి తల ఊపాడు. కొడుకు బెత్తెడు వదిలాడు. షఫీఉద్దీన్ వంగి, మొండివేలున్న ఆ చేత్తోనే చిక్కుపడ్డ చుట్టును ఎత్తి, పక్కకు జరిపి, వరసలో పెట్టాడు. మోకు మళ్ళీ కదిలింది. అప్పటి నుంచి తండ్రి ఒక కంబం దగ్గర, కొడుకు ఇంకో కంబం దగ్గర. పావుగంట పట్టింది మిగిలిన ఆరడుగులు దిగడానికి. మెషీన్ కింద పరిచిన పలకల మీద కూర్చున్నప్పుడు చప్పుడైనా కాలేదు. తారిక్ వెళ్ళి చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే అది తిరిగింది. ఇంద్రజ గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చేసింది. జన్మలో అంత గొప్ప పని ఆమె కళ్ళతో చూడలేదు, ఆ మాటే పైకి అంది కూడా. షఫీఉద్దీన్ విననట్టు తాళ్ళు చుట్టుకుంటున్నాడు.

మెషీన్ కింద గొట్టాలు పెట్టి దొర్లిస్తూ సాయంత్రానికి హుస్సేనీ ఆలం చేర్చారు. మర్నాడు పొద్దున ఇంద్రజ కొత్త గది తాళం తీస్తుంటే మెట్ల మీద ఒవైస్ కూర్చుని ఉన్నాడు. రెండు అరచేతులూ ఎర్రగా కమిలి ఉన్నాయి.

“చెల్లె, ఆ బ్లాకుల ఒక మాట మార్చాలె,” అన్నాడు. “కొత్తది చేయించు. రెండు రోజులు ఆలస్యమైనా ఫికర్ లేదు.”

“నిన్న మాపటికే చేయమని చెప్పిన భాయ్. మిమ్మల్ని అడగకుంటనే. తిట్టాలనుకుంటే తిట్టుండ్రి.”

ఒవైస్ తిట్టలేదు. చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. “యాభై ఏండ్లు వచ్చినయి నాకు. ఆయన ఏం చేసిండో ఎన్నడూ అడగలే,” అన్నాడు.

గురువారం మెషీన్ మీద మొదట పడ్డది జైనబ్ పెళ్ళి రుక్కాయే. శుక్రవారానికి సగం పంచేశారు. శనివారం పొద్దున ఒవైస్ మిగతా రుక్కాల కట్టలు తీసుకోవడానికి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముసలాయన మెషీన్ పక్కన స్టూలు మీద కూర్చుని దాని చప్పుడు వింటున్నాడు. అప్పుడే షాపు ఫోను మోగింది. రుక్కా అడుగున షాపు నంబరు ఉంటుంది కదా, అది చూసి చేశాడు పెళ్ళికొడుకు మేనమామ. ఇంద్రజ స్పీకర్ నొక్కింది.

“ఏమమ్మా, గింత మంచి రుక్కాల గంత పెద్ద తప్పు పడ్డదేంది?” అన్నాడాయన. “పెద్దాయన పేరు పక్కన ఖలాసీ అని పడ్డది. జల్ది సరి చేయించుండ్రి, నలుగురు చూస్తే బాగుండదు.”

ఇంద్రజ నోరు తెరిచేలోపే ఒవైస్ ముందుకు వంగాడు.

“తప్పు పడలేదు మామూ, నేనే వేయించిన,” అన్నాడు. ఈసారి ఆయన గొంతు తగ్గలేదు. “ఖలాసీ అంటే ఓడను ఒడ్డు మీదికెల్లి సముద్రంలకు పంపేటోడు. మా అబ్బా ఖలాసీ. పెళ్ళికి రాండ్రి, నేనే చెయ్యి పట్టి కలిపిస్త.”

మెషీన్ నడుస్తూనే ఉంది. షఫీఉద్దీన్ ఒక రుక్కా తీసుకుని, తన పేరు పక్కనున్న బంగారు అక్షరాలను మొండివేలితో మెల్లగా ఒకసారి తడిమాడు. ఆయన కళ్ళు నిండాయి. తుడుచుకోకుండానే మెషీన్ కాళ్ళ వైపు వంగి చూశాడు.

“తారిక్, ఎడమ దిక్కు కాలు జర ఎత్తున్నది,” అన్నాడు. “అటు కింద ఒక రేకు ముక్క పెట్టు.”